నానబోసిన శనగలు

ఇదీ విడిపోయింది, మూడోది, నూనెలో వేయగానే నురగ కక్కి పొడిపొడి అయిపోయింది, తెల్ల శనగలు మెత్తగా ఉడకబెట్టి, ఉల్లిపాయ, కొత్తిమీర, జీలకర్ర వేసి రుబ్బినా ఫలాఫెల్ వడలు కాకపోతే ఇంకేం చేయాలి, కళ్లద్దాల దుకాణంలో ఎవరి కంటికి ఏ అద్దమో చూడగానే చెప్పే మనిషి, తమ్ముడి గొంతులో ఉన్నది మాత్రం వినలేకపోయింది, అక్కా, బతుకు విసుగొస్తోందే అన్నాడు వాడు ఫోన్లో, ఎదురుగా ఒక పెద్దాయన పేపరు చదవడానికి అద్దాలు కావాలంటూ నిలబడ్డాడు, రేపు ఇంటికి రారా బుడ్డోడా, మాట్లాడదాం అని పెట్టేసింది, ఆ సాయంత్రమే వాన, వంతెన, దాని మోకాలెత్తు గోడ, జారాడా, దూకాడా, చూసినవాళ్లు లేరు, ఏడాదిగా ఆ రెండు మాటలే ఆమెను నమిలి తింటున్నాయి.

నువ్వుల ముద్దలో నిమ్మరసం పోస్తే బిగుసుకుపోయింది, చల్లటి నీళ్లు చెంచా చెంచా పొయ్యక్కా, భయపడకు, అదే దారికొస్తుంది అనేవాడు వాడు, ఆ నువ్వుల తహీని సాస్ వేలితో నాకుతూ, వాడు చేసేవి తినాలనుందే అని ఇన్నాళ్లకు ఇవాళ నోరు తెరిచి అడిగింది అమ్మ, వాడు చివరిగా నీతో ఏమన్నాడే అని మాత్రం అడగదు, అడిగితే ఫోన్ పెట్టేసింది తనేనని చెప్పాలి, అడక్కపోవడమే మేలు, కాదు, అడిగినా బాగుండును.

అమ్మ గోడ పట్టుకుని వచ్చి మూకుడులోకి తొంగి చూసింది, ఇదేంటే, శనగలు ఉడకబెట్టావా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది, వాడు ఉడకబెట్టడు కదే, ముందురోజే నానబోసి పచ్చివే రుబ్బుతాడు, ఇవాళ నానబోస్తే రేపే తినడం, వాడింకా ఉన్నట్టే చెబుతోంది అమ్మ, మంట తగ్గించబోయిన చెయ్యి ఆగిపోయింది, ముందురోజే, వాడి అద్దె గది, వాడు పోయిన రెండో రోజు తాళం తీసింది, తీగ మీద తువ్వాలు, స్టవ్ పక్కన మూతపెట్టిన గిన్నె, మూత తీస్తే గుప్పున పులిసిన వాసన, ఉబ్బిన శనగలు, ముక్కు మూసుకుని పారబోసింది, అప్పుడు వాసన తప్ప ఇంకేమీ తోచలేదు, గిన్నె నిండా ఉన్నాయి, ఒక్కడికి అన్నెందుకు, ముగ్గురికి సరిపోయేవి, రేపు రారా అంటే రేపటికి నానబోశాడు, నానబోసి బయటికి వెళ్లాడు, అమ్మా, వాడు దూకలేదమ్మా, జారాడు, తిరిగి రావాలనే వెళ్లాడు.