దక్షిణం వైపు వాకిలి

నేను ఒక థర్మోకోల్ పెట్టెను. చేపల పెట్టె అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు. పుట్టినప్పుడు నేను ఒకదాన్ని కాదు, వేల పూసలని. ఆవిరి తగిలేసరికి ఆ పూసలన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అలా పట్టుకోవడమే నా పుట్టుక. విడిపోవడమంటే నాకున్న భయం అప్పటిదే అయ్యుంటుంది. ఎవరైనా గోటితో గీరితే ఒక పూస రాలుతుంది. రాలిన పూస తిరిగి అతుక్కోవడం నేనెన్నడూ చూడలేదు.

భీమిలి ఒడ్డున చేపలమ్మే పోలమ్మ చేతికి వచ్చాను. ఆమె పొద్దున్నే పడవల దగ్గర నాలో ఐసు నింపేది. ఐసు మీద చేపలు, చేపల మీద మళ్ళీ ఐసు. మూత పెట్టాక నాలో ఒక చిన్న సముద్రం ఉన్నట్టుండేది, చీకటిగా, చల్లగా, ఎవరూ ఈదని సముద్రం. రెప్పలు లేని ఆ చేపల కళ్ళు నన్నేదో అడుగుతున్నట్టే ఉండేవి. మధ్యాహ్నానికి చేపలు ఒక్కొక్కటే వెళ్ళిపోయేవి. వెనకాలే ఐసు నీళ్ళయి వెళ్ళిపోయేది. పోలమ్మ నన్ను కడిగి బోర్లించాక, రోజూ ఇంతమందిని సాగనంపే పని నాకే ఎందుకు పడిందా అనుకునేదాన్ని. మనుషులు మాత్రం "మంచి పెట్టె, ఏదీ పాడవనివ్వదు" అని మెచ్చుకునేవారు.

ఒకరోజు ఆటోలోంచి దించుతుంటే జారిపడ్డాను. అడుగున పగులిచ్చింది. ఐసు నిలవడం మానేసింది. పోలమ్మ నన్ను పారెయ్యకుండా తన దగ్గర రోజూ చేపలు కొనే వరహాలు ఇంటికి తెచ్చి, పెరట్లో దించింది.

"ఇదిగో వదినా, కరివేపాకు మొక్క ఏసుకో" అంది.

వరహాలు మొక్క సంగతి ఆలోచించలేదు. గోడ మీద కూర్చున్న బూడిదరంగు పిల్లిని చూసింది. ఒక చెవి చిరిగిన ఆ పిల్లి రోజూ పోలమ్మ వెనకాలే ఆ పెరట్లోకి వచ్చేది. దానికి పేరు లేదు. పేరు పెట్టినవి నిలవవని వరహాలు భయం.

పిల్లి కడుపుతో ఉంది. కిందటి కార్తీకంలో అది నీళ్ళతొట్టి వెనక ఈనిందట. నాలుగు పిల్లలు. ముసురు పట్టి మూడోనాటికి ఒక్కటీ మిగల్లేదు. తల్లి వారం రోజులు ఆ తొట్టి చుట్టూ అరుస్తూ తిరిగింది. ఇంట్లోకి రానిద్దామంటే వరహాలు భర్త గురునాథానికి ఆయాసం, పిల్లి వెంట్రుక పడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ కార్తీకం వచ్చింది.

"ఈసారి గానీ పిల్లలు తడిసి పోతే, ఆ అరుపు నేను వినలేను మావా" అంది వరహాలు.

గురునాథం ముప్పై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేసినవాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి అతని చెయ్యి తగిలింది. తను మాత్రం అద్దింట్లో ఉంటాడు. "పిల్లికి ఇల్లేటే, నీకు మతి పోయింది" అన్నాడు. అంటూనే వెళ్ళి టేపు తెచ్చి నన్ను కొలిచాడు.

నాకు రెండో పుట్టుక అలా మొదలైంది. కత్తిని పొయ్యి మీద కాల్చి నా పక్కన చిన్న పళ్ళెమంత వాకిలి కోశాడు. బాధ కలగలేదు, కొంచెం వెలుతురు లోపలికి వచ్చిందంతే. అడుగు పగులుకి ప్లాస్టిక్ టేపు అంటించాడు. నేల చెమ్మ తగలకుండా ఇటుకల మీద నిలబెట్టి, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ చింపి చుట్టబెట్టాడు. నా వీపు మీద ఎవరో పెద్దమనిషి సగం నవ్వు మిగిలింది. లోపల పాత బొంత పరిచారు. వాకిలి తూర్పుకి ఉండేలా అంగుళం అంగుళం జరిపి, దూరం నుంచి ఒంటికన్నుతో చూసుకున్నాడు గురునాథం.

అక్కడితో ఆగలేదు. వరహాలు నా వాకిలికి పసుపు రాసి బొట్లు పెట్టింది. దిష్టి తగలకుండా నిమ్మకాయా, మిరపకాయలూ దారానికి గుచ్చి వేలాడదీసింది. పాలు కూడా పొంగించింది.

పోలమ్మ పడీపడీ నవ్వింది. "పిల్లికి కూడా వాస్తేటి మేస్త్రీ? పంతులు గారికి కబురెట్టలేదేటి?"

"ఇల్లంటే ఇల్లే. ఎవలకి కట్టినా లెక్క ఒకటే" అన్నాడు గురునాథం సీరియస్‌గా.

పిల్లి గృహప్రవేశం పాలు శుభ్రంగా తాగింది. నా వాకిలి దాకా వచ్చి ముక్కు ముందుకు చాపి, చెవులు వెనక్కి వాల్చి, నీళ్ళతొట్టి వైపు వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. నాలుగోనాడూ అంతే. దాని కడుపు నేలకి వేలాడుతోంది. వరహాలు గంటకోసారి వచ్చి నాలోకి వంగి చూసేది. నేనూ ఎదురుచూసేదాన్ని. ఒక్కోసారి మగతగా ఉన్నప్పుడు వెనకటి చేపలన్నీ ఆ వాకిట్లోంచి లోపలికి ఈదుకుంటూ వస్తున్నట్టుండేది. తెలివొచ్చేసరికి బొంత ఖాళీ.

రహస్యం పోలమ్మే విప్పింది. "వదినా, బేరం అయ్యాక చేపల కవుసు వాసన పోడానికి నేను చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటానా, ఆ పూట ఈ దొంగది నా ఛాయలకే రాదు. దిష్టి మాట దేవుడెరుగు, నువ్వు దాని గుమ్మానికి దయ్యాన్ని కట్టినావు!"

వరహాలు నాలిక కరుచుకుంది. దండ తీసేసి, గుడ్డతో నా వాకిలంతా తుడిచింది. ఆ మధ్యాహ్నమే పిల్లి వచ్చింది. ఒక కాలు పెట్టి ఆగి, మూడుసార్లు గుండ్రంగా తిరిగి, పడుకుంది.

ఆ పూట సంగతి ఎలా చెప్పను? జన్మంతా చలిని కాపలా కాశాను. వెచ్చదనాన్ని కాయడం కూడా అదే పని అని నాకు తెలీదు. పిల్లి ఒంటి వేడి నా గోడల్ని తాకి, బయటికి పోలేక, మళ్ళీ దాన్నే చుట్టుకుంది. దాని గురగుర నా పూసపూసలోనూ మోగింది.

రెండు రోజులకి వాన పట్టుకుంది. మా ఊళ్ళో కార్తీకం వాన సముద్రం మీంచి వస్తుంది. సముద్రం తూర్పున ఉంది. నా వాకిలీ తూర్పుకే ఉంది. గురునాథం కొలిచిన శుభమంతా జల్లుగా మారి నాలోకి కొట్టింది. బొంత నీళ్ళు తాగి బరువెక్కింది. పిల్లి లేచి నిలబడింది. వెళ్ళకు అని చెప్పే నోరు నాకు లేదు. అది తడుస్తూ, ఈడ్చుకుంటూ తొట్టి వెనక్కి పోయింది.

"అక్కడికే పోతంది మావా! ఇయాలో రేపో ఈనేస్తాది" అని వరహాలు ఏడుపు గొంతుతో కేకేసింది.

గురునాథం గొడుగేసుకుని వచ్చి, నీళ్ళు కారుతున్న నా వాకిలి ముందు నిలబడి నాలుగు వైపులా చూశాడు. పడమట ఇంటి గోడ అడ్డం. ఉత్తరాన కుక్కలు తిరిగే సందు. మిగిలింది ఒకటే దిక్కు. అతను వంగి నన్ను పట్టుకుని తిప్పాడు.

వరహాలు గుండెల మీద చెయ్యేసుకుంది. "దక్షిణమా! యముడి దిక్కు మావా. పసిగుడ్లు పుట్టే ఇల్లు..."

"ఊరుకోవే. ఇన్నేళ్ళూ మనుషుల భయాలు కొలిచి గుమ్మాలు పెట్టినాను. దీని భయం వానొక్కటే" అన్నాడు. ఆ మాటకే అతనికి ఆయాసం వచ్చింది.

పోలమ్మ పక్కింటి పశువుల పాకలోంచి ఎండుగడ్డి తెచ్చింది. బొంత తీసి నన్ను పొడిగా తుడిచి గడ్డి నింపారు. ముగ్గురూ చూరు కింద నిలబడ్డారు. కాసేపటికి పిల్లి వచ్చింది. గడ్డిని వాసన చూసి, నాలోకి దూరి, మూలకి ఒదిగింది. చీకటి పడేలోగా మూడు పిల్లల్ని ఈనింది.

వాన మరో మూడు రోజులు కురిసింది. నాలోకి ఒక్క చుక్క రాలేదు. ఒక్క పిల్లా పోలేదు. వరహాలు రోజూ వంగి ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుని వెళ్ళేది. పిల్లలు కళ్ళు తెరిచాయి. నా గోడలు గీరి పూసలు రాల్చాయి. మొదటిసారి నాకు భయం వెయ్యలేదు.

ఇరవై రోజులు దాటాక ఒక పొద్దున తల్లి ఒక పిల్లని మెడ దగ్గర కరుచుకుని గోడెక్కి అవతలికి దిగింది. వట్టి నోటితో తిరిగొచ్చి రెండోదాన్నీ తీసుకుపోయింది.

"మామూలే వదినా. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతాది" అంది పోలమ్మ.

వరహాలు చేట తెచ్చి నా వాకిలికి అడ్డం పెట్టి దాని ముందు కూర్చుంది. లోపల మూడోది సన్నగా అరుస్తోంది. తల్లి గోడ దిగి వచ్చి ఎదురుగా కూర్చుంది. అరవలేదు, పంజా విసరలేదు. తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చేట అక్కడే ఉండాలని నేను ఎంత కోరుకున్నానో ఎవరికీ చెప్పను.

చాలాసేపటికి వరహాలు చేట తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పో తల్లీ. పొడిగా ఉన్న చోటికి పో" అంది.

ఎక్కడికి వెళ్ళారో నాకు తెలీదు. నా వాకిట్లోంచి గోడ ఒక్కటే కనిపిస్తుంది. ఇప్పుడు మార్గశిరం. సూర్యుడు దక్షిణానికి వాలి నడిచే రోజులు. పొద్దెక్కాక ఎండ ఆ గోడ దాటి, అందరూ భయపడిన ఈ వాకిట్లోంచి నేరుగా లోపలికి వస్తుంది. గడ్డిలో నలుగురు పడుకున్న పల్లం ఇంకా అలాగే ఉంది. ఎండ అందులోకి దిగి మధ్యాహ్నం దాకా ఉంటుంది.