ఖాళీ కుర్చీకి ఒక వెల

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, అక్క క్లినిక్ నుంచి ఫోనొస్తే కాస్త చూడు," అన్నాడు భర్త బూట్లు తొడుక్కుంటూ.

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. దుప్పటి రెండో కొన అందుకునే మనిషి లేక, దాన్ని గడ్డం కింద నొక్కిపట్టి ఉంది. అందుకే జవాబు చెప్పలేకపోయింది. చెప్పనవసరం లేదు కూడా. అతను తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

అక్క అంటే భర్త అక్క, ఆమెకు వదిన. పళ్ల డాక్టరు. క్లినిక్‌లో ఎవరైనా చివరి నిమిషంలో రాలేనంటే, ఆ కాసేపూ కుర్చీ ఖాళీగా పడి ఉండేది. రిసెప్షన్ అమ్మాయి వరసబెట్టి అందరికీ ఫోన్లు చేసి, ఇప్పుడు రాగలరా అంటూ బతిమాలుకునేది. ఒకసారి పన్ను చూపించుకోవడానికి వెళ్లి, నోరు తెరుచుకుని కూర్చుని అదంతా విన్నది ఆమె. నోట్లో దూది ఉండగానే బుర్రలో సగం ప్రోగ్రాం తయారైపోయింది. ఎవరైనా అపాయింట్‌మెంట్ మానుకోగానే, ఎదురుచూస్తున్నవాళ్లకు దానంతటదే మెసేజి వెళుతుంది. ఎవరు ముందు సరే అంటే కుర్చీ వాళ్లది. అంతే. 'ఖాళీ కుర్చీ' అని పేరు పెట్టింది.

వదిన మురిసిపోయి కళ్ల డాక్టరుకు చెప్పింది. ఆయన ఫిజియోథెరపీ ఆవిడకు చెప్పాడు. అందరికీ ఆమే పెట్టి ఇచ్చింది. ఊరికే. మనవాళ్లే కదా. కూర పొయ్యి మీద ఉండగా ఫోన్లు వచ్చేవి. "మేడం, స్క్రీను తెల్లగా అయిపోయింది." ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. కూర మాడితే మాత్రం అది క్లినిక్ ఖాతాలో పడదు, ఆమె ఖాతాలోనే పడుతుంది.

"నీకూ కాస్త కాలక్షేపం," అన్నాడు భర్త ఒకసారి. మంచి మనసుతోనే అన్నాడు. అదే వచ్చిన చిక్కు. అతను చెడ్డవాడైతే ఎప్పుడో తగువు పెట్టుకునేది. పదేపదే ఆ మాట ఆమెకు గుర్తొస్తుంది. కాలం గడవని వాళ్లకు కదా కాలక్షేపం? పొద్దున కళ్లు తెరిచినప్పటినుంచి కాలం తన చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంటే, దాన్ని గడపడానికి ఇంకో పని ఎందుకు? ఒకప్పుడు ఆఫీసులో ఆమె రాసిన ప్రోగ్రాంని పని అనేవాళ్లు. అదే ప్రోగ్రాం వంటింటి బల్ల మీద రాస్తే కాలక్షేపం అయింది. అత్తగారి తుంటి విరిగినప్పుడు, పాప చిన్నదిగా ఉన్నప్పుడు, కొన్నాళ్లు ఉద్యోగం మానెయ్యమన్నారు. తుంటి అతుక్కుంది. అత్తగారు ఇప్పుడు పార్కులో కోడలి కంటే చురుగ్గా నడుస్తుంది. పాప హైస్కూలుకొచ్చి అమ్మకే సలహాలిస్తోంది. అన్నీ అయ్యాయి గానీ ఆ కొన్నాళ్లే అవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఫోను చేసింది క్లినిక్ వాళ్లు కాదు, పొడుగమ్మ. పాత ఆఫీసులో పక్క సీటు. పొడుగు కాబట్టి ఆ పేరు. ఆమె అయితే పొడుగమ్మకు పొట్టెమ్మ. పొడుగమ్మకు ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. ఆఫీసులో ఆవిడ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. పసిపిల్లను భుజాన వేసుకుని ఊపుతూ మాట్లాడుతోంది.

"ఒసే పొట్టెమ్మా, నీకు మతి ఉందా? ఊరంతా వాడుకుంటుంటే ఊరికే పంచిపెడుతున్నావా? క్లౌడ్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టవే!"

"నేనెక్కడ, అది ఎక్కడ!"

"అది సంతలాంటిదే. ఎక్కడెక్కడి కంపెనీలూ కంప్యూటర్లు అద్దెకు తీసుకునే చోటే, సాఫ్ట్‌వేర్లు అమ్మే దుకాణాలు కూడా ఉంటాయి. అందులో నీదొక దుకాణం. కొన్నవాళ్లకు ఆ అద్దె బిల్లులోనే నీ బిల్లూ కలిసిపోతుంది. సంతవాడు వాడి కమీషన్ పట్టుకుని మిగతాది నీ బ్యాంకులో వేస్తాడు. నువ్వు గుమ్మం దిగక్కర్లేదు, ఎవర్నీ దేబిరించక్కర్లేదు. వెళ్లి అమ్మకందారుగా నమోదు చేసుకో. మిగతాది నేను చెబుతా... ఏయ్, జుట్టు పీకకు బంగారూ... నిన్ను కాదే, దీన్ని."

సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఆ సంగతి చెప్పింది. పాప చప్పట్లు కొట్టింది. భర్త కాసేపు ఆలోచించి, నిజంగానే సాయపడాలనుకుంటూ అన్నాడు, "బావుంది. అమ్మకందారు దగ్గర నా పేరు పెట్టు. కొనేవాళ్లకు నమ్మకంగా ఉంటుంది. నువ్వు వెనకనుంచి పని చూసుకో. పేరుదేముంది, ఇద్దరం ఒకటే కదా!"

"ఇద్దరం ఒకటే అయితే నా పేరున్నా ఒకటే కదండీ," అంది ఆమె అన్నం వడ్డిస్తూ. తగువుగా అనలేదు. లెక్క సరిచూసినట్టు అంది. అతను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు చాటున నవ్వు దాచుకోవడం ఆమె చూసింది.

మర్నాడు బ్యాంకుకు వెళ్లింది. ఉన్న ఖాతా ఇద్దరి పేరునా ఉంది. ఇది తన ఒక్కదాని పేరునే కావాలి. కౌంటరు దగ్గర సంతకాలన్నీ పెట్టి, అలవాటుగా అడిగింది, "మా ఆయన సంతకం కూడా కావాలా?"

కౌంటరావిడ అద్దాల మీదుగా చూసింది. "ఎందుకండీ? ఖాతా మీదేగా?"

ఎవరూ అడగకుండానే అనుమతి తెచ్చుకోబోయింది తను! సిగ్గేసింది. బయటికొచ్చాక నవ్వొచ్చింది. బస్‌స్టాపులో ఒంటరిగా నవ్వుకుంటున్న ఆమెను చూసి పక్కాయన కొంచెం జరిగి నిలబడ్డాడు.

అమ్మకందారుగా నమోదు చేసుకుంది. ఆదాయపు పన్ను వివరాలు, బ్యాంకు వివరాలు ఇచ్చింది. కొన్నవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే వేళలు అడిగితే, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అని రాసింది. ఇక వెల దగ్గర ఆగిపోయింది. అక్కడ మొట్టమొదటి వరసలోనే 'ఉచితం' అని ఉంది. ఎంత చనువుగా ఉందో ఆ మాట! ఇన్నేళ్లుగా కలిసి కాపురం చేసిన మాట. చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. వంటకు వెల కట్టలేదు, అత్తగారి తుంటికి కాపలా కాసిన రాత్రులకు కట్టలేదు, పాప జ్వరాలకు కట్టలేదు. వాటికి కట్టమని ఆమె అడగదు కూడా. కానీ ఇన్నాళ్లూ కట్టకపోవడం వల్ల, తన చేత్తో చేసే దేనికైనా వెల ఉంటుందనే మాటే మరచిపోయినట్టుంది. భయంగా వదినకు ఫోను చేసింది.

"నేను పన్ను పీకి, మనవాళ్లే కదా పొమ్మంటే నా క్లినిక్ నడుస్తుందా మరదలు పిల్లా?" అంది వదిన. వెనక డ్రిల్లు గుయ్యిమంటోంది. "అసలు నా దగ్గరెందుకు తీసుకోవట్లేదు?"

"మీరు ఇస్తాననలేదు కదా వదినా."

"నువ్వు అడగలేదు!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. కుర్చీలో ఉన్న పేషెంటు బెదిరిపోయి ఉంటాడు. వదిన డ్రిల్లు కట్టేసి, గొంతు మార్చి అంది, "నా ఖాళీ కుర్చీ నిండినందుకు నాకెంత మిగులుతోందో నాకు తెలుసు. నువ్వు సిగ్గుపడి రాసే వెల కంటే ఎక్కువే రాయి. మొదట నేను కొంటా."

ఒక్కో కుర్చీకి నెలకింత అని ఆమె రాసింది. చూసుకుంది. తుడిచి, ఇంకాస్త పెంచి రాసింది. ఈసారి తుడవలేదు.

పొడుగమ్మ ముందుగా తమకు మాత్రమే కనిపించేలా దుకాణం తెరిపించి, తనే కొని చూసింది. కొనడం అయింది గానీ లోపలికి వెళ్లే పేజీ తెరుచుకోలేదు. "సంతకొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి తలుపేసుకున్నావే," అని నవ్వింది. ఆమె అది సరిచేసి పంపింది. సంత తరఫున పరిశీలించేవాళ్లు తిప్పి పంపారు. ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో వివరణలో స్పష్టంగా లేదట.

మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్న కోడలి దగ్గరికి అత్తగారు వచ్చింది. ఆవిడ రిటైరైన టీచరు. బడి వదిలినా ఎర్ర పెన్ను వదల్లేదు. "ఏదమ్మాయ్, ఏం రాశావో చదువు," అంది.

ఆమె చదివింది. "ఇది నేను ఇంట్లో ఉంటూ చేసిన ఒక చిన్న ప్రయత్నం. ఏవైనా లోపాలుంటే పెద్ద మనసుతో మన్నించి..."

"ఆగాగు," అంది అత్తగారు. "ఇది అమ్మకమా, క్షమాపణ పత్రమా?"

"మర్యాదగా ఉంటుందని, అత్తయ్యా..."

"మర్యాద వేరు, తల వంచుకుని నిలబడటం వేరు. నీ సామాను పని చేస్తుందా లేదా?"

"చేస్తుంది."

"మరి ఆ ముక్క రాయవేం?"

ఆవిడ కాగితం మీద దింపించుకుని మరీ దిద్దింది. 'చిన్న' పోయింది. 'ప్రయత్నం' పోయింది. 'మన్నించి' మీద ఎర్ర గీత రెండుసార్లు పడింది. దిద్దుతూ దిద్దుతూ ఒకచోట పెన్ను ఆపింది. "నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఎవరైనా మెచ్చుకుంటే, ఏదోలెండి, నాకు వచ్చిందేదో చెప్పా అనేదాన్ని. ఆ ఏదో అన్న మాట ఎవరు నేర్పారో గుర్తులేదు. నీకు నేను నేర్పలేదు కదా?" అంది.

నేర్పారన్నా, నేర్పలేదన్నా నిజమే. ఆమె అత్తగారి చేతిమీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని అలాగే ఉండనిచ్చి, రెండో చేత్తో అచ్చుతప్పొకటి దిద్దింది.

చివరికి మిగిలిన మొదటి వాక్యం ఇది: "ఎవరైనా రాకపోతే, మీ కుర్చీ ఖాళీగా ఉండదు."

ఆమోదం వచ్చింది. దుకాణం తెరుచుకుంది. వదిన మాట నిలబెట్టుకుని మొదట కొన్నది. తర్వాత చాలా రోజులు ఎవరూ రాలేదు. ఆమె బట్టలు ఉతుకుతూ, ఆరేస్తూ, ఫోను తీసి చూసుకుంటూ గడిపింది. ఒక సెలవు రోజు పొద్దున, అందరూ ఇంట్లో ఉండగా, ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో కొన్నారు. మనవాళ్లు కారు, వదిన చెప్పినవాళ్లు కారు. సముద్రాల అవతల ఎక్కడో ఉన్నారు. ఆమె ఇంకా ఆ సంగతి నమ్మేలోపే ఫోను మోగింది.

అవతల పెద్దాయన గొంతు. ఇంగ్లీషులో నిదానంగా మాట్లాడుతున్నాడు. పశువుల డాక్టరట. పిల్లులూ కుక్కలూ చూస్తాడట. సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఒకటే ఇబ్బంది. మెసేజిలో పిల్లి పేరు పడుతోంది గానీ, పిల్లిని తెచ్చేవాళ్ల పేరు పడటం లేదు. ఒకాయనకు "మీసాల రాణి గారూ, ఇప్పుడు రాగలరా" అని వెళ్లిందట.

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వాడు. సాయంత్రానికల్లా రెండు పేర్లూ పడేట్టు చేస్తానంది. ఫోను పెట్టేసి చెబితే అత్తగారు సోఫాలో ఒరిగిపోయి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పాప మీసాల రాణి బొమ్మ గీయడం మొదలెట్టింది.

భర్త వంటింట్లోంచి వచ్చాడు. చేతికి సబ్బు నురగ. గిన్నెలు తోముతున్నాడు, సగం సరిగ్గా, సగం అతని పద్ధతిలో. "నా పేరు పెట్టి ఉంటే ఆ పిల్లి సంగతి నేను చెప్పాల్సొచ్చేది," అన్నాడు. నురగ దులుపుకుంటూ, "నాకు ఒక్క ముక్క వచ్చేది కాదు," అని కూడా అన్నాడు. ఆ రెండో మాటకు ఆమె అతనివంక కొత్తగా చూసింది. "గిన్నె అడుగు కూడా తోమండి," అంది ప్రేమగా.

ఆ పిల్లుల డాక్టరు ఎవరికి చెప్పాడో ఏమో, తర్వాత వరసగా వచ్చారు. క్షౌరశాలలు, సంగీతం నేర్పేవాళ్లు, చెవుల డాక్టర్లు. పది నుంచి ఒంటిగంట దాకా ఆమె గది తలుపు మూసుకుంటుంది. ఆ వేళలో ఇంటికి ఎవరు ఫోను చేసినా అత్తగారే తీసి, "పనిలో ఉందండీ," అంటుంది. కానీ ఇప్పుడు ఒక్క మనిషికి సరిపోయే పని కాదది.

"పొడుగమ్మను సాయం అడుగు. నీ మాట కాదనదు," అన్నాడు భర్త.

నిజమే, కాదనదు. ఆమె ఫోను తీసి, 'కాస్త సాయం చేస్తావా' అని టైపు చేసింది. ఆ మాటవంక చూస్తూ ఉండిపోయింది. ఆ మాట తనతో ఎంతమంది, ఎంత తియ్యగా అన్నారో! పసిపిల్లను భుజాన వేసుకుని, ఒంటిచేత్తో తన దుకాణం తలుపు తీయించిన మనిషికి ఇప్పుడు తనూ ఆ మాటే పంపబోతోంది. అంతా చెరిపేసింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, మళ్లీ రాసింది.

"పొడుగమ్మా, నా కంపెనీలో ఉద్యోగం ఉంది. పని వేళలు నీ పాప నిద్రను బట్టి నువ్వే పెట్టుకో. ఇన్నాళ్లూ చేసిన పనికి కూడా కలిపి, జీతం ఎంత కావాలో నువ్వే చెప్పు. తక్కువ చెబితే మాత్రం నిన్ను తీసుకోను."