రోజుకు ఒక గంట

కుక్కర్ మూత బిగిస్తుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినబడింది. "రోజుకు ఓ గంట వేసుకోండి మేడమ్. అన్నం పెట్టేసి వచ్చేసేది, అంతే."

అడుగుతున్నది టీబీ పరిశోధన కోసం వచ్చిన నర్సు. అడుగుతున్నది నా గురించి, జబ్బుపడ్డ అత్తగారి గదిలో రోజుకు ఎన్ని గంటలు ఉండేదాన్నని. జవాబు మాత్రం ఆయనది. పెళ్లైన పదహారేళ్లుగా మా ఇంట్లో అదే ఆనవాయితీ.

రెండేళ్ల కిందట మా అత్తగారికి టీబీ వచ్చింది. తగ్గింది కూడా, ఇప్పుడు నా కూరలకు వంకలు పెట్టేంత ఆరోగ్యంగా ఉంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే మా ఆయనకీ మరిదికీ ఒంట్లో క్రిమి చేరిందన్నారు, జబ్బు కాకుండా మందులు మింగించారు. నాకు మాత్రం లేదు. చేతికి సూది వేసి చూశారు, రక్తం తీసి చూశారు, ఏడాది తర్వాత మళ్లీ చూశారు. లేదంటే లేదు. "మొండిఘటం, దానికేమవుతుంది" అంది అత్తగారు. ఆ మాటకే అలవాటు పడిపోయాను. పోయిన వారం ఈ నర్సు ఫోన్ చేసి, "ఎంత దగ్గరగా మెలిగినా క్రిమి అంటనివాళ్లు కొందరుంటారమ్మా. ఆ బలం పుట్టుకతోనే, జన్యువుల్లోనే వచ్చిందేమోనని వెతుకుతున్నాం. మీలాంటివాళ్లే మాకు కావాలి" అంది. మీలాంటివాళ్లే కావాలట! ఆ రోజంతా గిన్నెలు తోముతూ నాలో నేనే నవ్వుకున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్నకు ఇదే జబ్బు రెండుసార్లు తిరగబెట్టినా, పక్కనే ఉండి చేసిన ఆవిడ ఒక్కసారి దగ్గి ఎరగదు. "మీ పుట్టింటినుంచి ఏం తెచ్చుకున్నావు" అని మా ఆయన ఎన్నిసార్లు దెప్పాడో. తెచ్చుకున్నానేమో మరి, ఎవరి కంటా పడకుండా.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాను. నర్సు మొహం చిన్నబోయింది. "మందులు మొదలుపెట్టకముందు గంటేనా ఉన్నది? అయితే మీరు ఇందులోకి రారమ్మా. గాలి తగలనివాళ్లకి క్రిమి అంటకపోతే వింతేముంది?"

"పోనీలెండి, మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. గంటట. అది టీబీ అని తేలకముందు ఐదు నెలలు. "సీజన్ దగ్గులే" అని ఈయన కొట్టిపారేసిన ఐదు నెలలు. చలి అని అత్తగారు కిటికీలు వేయించేది. ఆ గదిలోనే ఆవిడ మంచం పక్కన పడుకున్నాను. వీపు రాశాను, కఫం గిన్నె పట్టాను, ఒళ్లు తుడిచాను. "ఇంట్లో ఒకరుండాలి కదా" అంటే ప్రెస్సులో ఉద్యోగం మానేశాను. ఆ ఒకరు ఎప్పుడూ నేనే. గుమ్మంలో నిలబడి "అమ్మా, ఎలా ఉంది?" అని పలకరించి పోయిన మనిషికే అంటింది, నాకు అంటలేదు. ఇంత గొప్ప సంగతిని ఒక్క గంట కింద తొక్కేస్తాడా?

ప్రెస్సులో తొమ్మిదేళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని. తప్పు కనబడితే కొట్టేసి, మార్జిన్లో ఒప్పు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టడం మా పద్ధతి. దిద్దింది ఎవరో తెలియాలి కదా.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి" అన్నాను. గంటల గడిలో నర్సు వేసిన ఒకటి అంకె కొట్టేశాను. మార్జిన్లో పద్దెనిమిది వేసి పొట్టి సంతకం పెట్టాను.

"పద్దెనిమిదా? చోద్యం కాకపోతే!" అన్నాడు ఆయన.

"జబ్బుపడ్డవాళ్లు కూడా ఒప్పుకుని సంతకం చేయాలి" అంది నర్సు, సోఫాలో కూర్చున్న అత్తగారి వైపు తిరిగి. ఈవిడ నోట నా గురించి మంచిమాట విన్న పాపాన పోలేదు నేను.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని కాగితం చాలాసేపు చూసింది. "తప్పు రాసింది" అంది. మా ఆయన నవ్వాడు. "ఇరవై ఉంటుంది. నన్ను పట్టుకుని బాత్రూమ్‌కి తిప్పింది కలపలేదు. నువ్వు నవ్వకురా, నువ్వు గుమ్మం దాటి వచ్చిందెప్పుడు?"

పద్దెనిమిది కొట్టేసి ఇరవై వేశాను. ఆవిడ కింద సంతకం చేసింది. నా మొహం చూడలేదు, కానీ పెన్ను నా చేతికే ఇచ్చింది.

నర్సు సూది తీసి, "రక్తం తీసుకోమంటారా అమ్మా?" అని అడిగింది. ఈ ఇంట్లో నా దగ్గర ఏదైనా తీసుకునే ముందు ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"తీసుకోండి" అని చెయ్యి చాపాను.

వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. అలవాటుగా అందరూ నా వైపే చూశారు. నేను కదల్లేదు.

"స్టవ్ కట్టేసి రండి" అన్నాను మా ఆయనతో, "నేను పనిలో ఉన్నాను."