పురుగుల వాటా కార్జం

ఆదివారం మటన్ వడ్డించేటప్పుడు కార్జం ముక్కలు, అదే లివర్, ఏరి మామకూ మొగుడికీ వెయ్యాలి. ఆడవాళ్లకు మిగిలేది పులుసు. ఆరేళ్లుగా సుగుణ చేతులు ఆ పని వాటంతటవే చేస్తున్నాయి. అత్త మొగిలమ్మ చేతులైతే నలభై ఏళ్లుగా.

అదే సుగుణ యూనివర్సిటీలో తన పురుగులకు మాత్రం వారం వారం కార్జం పెడుతుంది! ప్లనేరియా అంటారు వాటిని. గోరంత కూడా ఉండని చదునైన మంచినీటి పురుగులు. తల కోసేస్తే పది రోజుల్లో కొత్త తల మొలిపించుకునే మొండిఘటాలు. తాముండే కొత్తవాడలో నేల మీద పరిచే జంపఖానాల నూలుకు అద్దిన రంగునీళ్లు మోరీల్లో పారుతుంటాయి కదా, ఆ నీళ్లలోనూ తల మొలుస్తుందా అన్నదే ఆమె పరిశోధన.

"పురుగుల తలలు సూసుడేనా నీ ఎమ్మెస్సీ? సోమవారం కెల్లి బంద్ చెయ్" అన్నాడు భర్త సారంగపాణి. "ఇంట్ల చాకిరంత నేనొక్కదాన్నే చేస్తాన" అని అత్త వంతపాడింది. తెల్లారకముందే లేచి వండి, ఊడ్చి, నీళ్లు పట్టి వెళ్లేదెవరో ఎవరికీ గుర్తు రాలేదు.

తలలు కోసి శనివారానికి పదో రోజు. మంచినీళ్ల గిన్నెలో ప్రతి పురుగుకూ కొత్త తల, మెల్లకన్నుల్లాంటి రెండు చుక్కలు. రంగునీళ్లలో ఒక్కదానికీ తల లేదు. మోరీ సంగతి ఇక కాగితం మీద పెట్టొచ్చు! సంతోషం పట్టలేక సుగుణ ఒక్కతే చప్పట్లు కొట్టింది. పరీక్ష కోసం పది రోజులుగా పస్తులున్నాయి పాపం, రేపు మేత పెట్టాలి.

ఆదివారం పొద్దున్నే పావుకిలో కార్జం తెచ్చి వంటింట్లో పెట్టి, నీళ్లకు నల్లా దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా తాలింపు వాసన. తలుపు చాటున మొగిలమ్మ బుగ్గ ఉబ్బించి నములుతోంది.

"మొగోళ్లు ఇంట్ల లేరు గద బిడ్డా, ఒక్క ముక్క రుచి సూద్దామని..."

సుగుణకు ముందు ఒళ్లు మండింది. అరవై ఏళ్ల మనిషి దొంగలా నక్కడం చూసి ఆ కోపం కాస్తా నవ్వయింది. పక్కనే చతికిలబడి తనూ ఒక ముక్క తీసుకుంది.

"నలభై ఏండ్లు వండిన. గింత మంచిగుంటదని తెల్వనే తెల్వదు" అంది మొగిలమ్మ. ఇద్దరూ మూకుడు ఊడ్చేశారు.

అంతలో సారంగపాణి వచ్చాడు. "కార్జం వండిన్రా? నాకేది?"

"పురుగులకు తెచ్చిందిరా" అంది తల్లి, మూతి తుడుచుకుంటూ.

అత్త వండకుండా మిగిల్చిన పచ్చి ముక్కను ఆకులో చుట్టి, సుగుణ చెప్పులేసుకుంది. "వాటికి తలలొచ్చినయి. పెట్టొస్త."

"రేపటి కెల్లి బంద్ అన్న గద!"

"రేపు గూడ పోత."

సారంగపాణి తల్లి వైపు చూశాడు. మొగిలమ్మ కొడుకును చూడనేలేదు.

"నువ్వు పో బిడ్డా, పొయ్యికాడ నేనుంట. వచ్చే ఐతారం మాత్రం అరకిలో తే."