నొన్నో సైకిలుకి స్విస్ కప్పు

బుధవారం సాయంత్రం మా తాతయ్య పాత సైకిలు కటక్కుమంది. పెడళ్ళ మధ్య ఇరుసు తిరిగే చోట, ఎడమ పక్కన ఉండే ఉక్కు కప్పు నిలువునా చీలిపోయింది. ఆదివారం మా కొండల్లో పాత సైకిళ్ళ సవారీ.

వేరే ఏడాదైతే నొన్నో, అంటే మా తాతయ్య ఒత్తొరీనో, నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఈసారి అలా కుదరదు. రొట్టెల కొట్టు క్లేలియా గారు, భర్త పోయాక మొదటిసారి సవారీకి వస్తున్నారు. "ఆ తెల్లమట్టి ఎత్తు దగ్గర నా పక్కనే తొక్కుతారా, ఒత్తొరీనో గారూ?" అని పొట్లం కడుతూ అడిగారు. అప్పట్నుంచి నొన్నో రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. రోజూ రొట్టెలు కొంటున్నాడు. తినేది మేమిద్దరమే కాబట్టి మిగిలినవన్నీ కోళ్ళకి వేస్తున్నాం. అవి కూడా ఇప్పుడు ముఖం తిప్పుకుంటున్నాయి.

సవారీకి కొత్త సామాను పనికిరాదు. మొదలయ్యే చోట ఒక మీసాలాయన ప్రతి సైకిలు ముందూ వంగి చూస్తాడు. ఈ కాలపు నట్టు ఒక్కటి కనిపించినా పక్కకి నెట్టేస్తాడు. అందుకని శనివారం పొద్దున్నే సైకిలుని వ్యానులో వేసుకుని సియెనా దగ్గర పాత సామాన్ల సంతకి వెళ్ళాం. నాకు సంతలంటే బెరుకు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరిస్తే నా చెవులు ఎర్రబడతాయి. నొన్నో వీపు వెనకే నడిచాను.

బ్రునెత్తో అనే ఆయన బల్ల మీద బిస్కెట్ డబ్బాల నిండా కప్పులే. ఒకటి తీసి సైకిలుకి బిగించబోయాడు. ఎక్కలేదు. ఇంకొకటి తీశాడు. అదీ ఎక్కలేదు. కొలత పెట్టి చూసి తల గోక్కున్నాడు.

"మన ఇటలీ కప్పులు ముప్పై ఆరు మిల్లీమీటర్లు, పెద్దాయనా. మీ సైకిలుది ముప్పై ఐదే."

"వయసైపోయింది కదయ్యా, కాస్త కుంచించుకుపోయుంటుంది. నేను మాత్రం పోలేదూ?"

"మనుషులు పోతారు గానీ ఇనుము పోదు. ఇది ఫ్రెంచి సైకిలు."

చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి.

"నోరు జాగ్రత్త! మా నాన్న దీన్ని ఫ్లోరెన్సులో కొన్నాడు. పైన పేరు చూడు!"

"పేరుదేముంది, ఎవడైనా అంటిస్తాడు. లోపల మర చూడండి. ఫ్రెంచివాళ్ళదే."

ముసలాళ్ళంతా మూగారు. ఒకాయన చక్రం తిప్పి చెవి ఆనించి, "తిరగడంలోనే ఆ పొగరు తెలుస్తోంది" అన్నాడు. ఇంకొకాయన సీటు వాసన చూశాడు. "వెన్న వాసనేస్తోంది. మనదైతే ఆలివ్ నూనె వాసన రావాలి."

బ్రునెత్తో అడుగు డబ్బాలోంచి ఫ్రెంచి కప్పు తీసి చూపించాడు. సరిగ్గా సరిపోతుందట. నొన్నో చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నా సైకిలు కడుపులో ఫ్రెంచి ముక్కా? చచ్చినా పెట్టను. పద, దిలెత్తా, ఇంటికి."

"మరి రేపు క్లేలియా గారు..."

"రేపు నాకు జ్వరం."

అన్నాడే గానీ కదల్లేదు. నున్నగా గీసిన గడ్డం తడుముకుంటూ నిలబడ్డాడు. నాకు జాలేసింది. అదే డబ్బాలో వేరే ముద్ర ఉన్న కప్పు ఒకటి కనిపిస్తే తీసి బ్రునెత్తోకి చూపించాను.

"అదా? స్విట్జర్లాండుది. కుడి కప్పయితే మర ఎదురు తిరుగుతుంది, పనికిరాదు. ఎడమది మాత్రం కొలతా మరా అచ్చం ఫ్రెంచి..."

నేను గట్టిగా దగ్గాను. ఆయన నా మొహం చూశాడు.

"ఫ్రెంచిదాని కన్నా ఎంతో మేలు" అని ముగించాడు.

"స్విస్ వాళ్ళా?" నొన్నో అనుమానంగా అడిగాడు.

"వాళ్ళలో చాలామంది మన భాషే మాట్లాడతారు, నొన్నో" అన్నాను. అంతమంది ముందు, గట్టిగా. నా చెవులు మండిపోయాయి.

"నిజమే, మా మరదలు అక్కడే ఉంది. మంచి మనుషులు" అన్నారెవరో. వెన్న వాసన పట్టినాయన మళ్ళీ సీటు దగ్గరికి వంగాడు. "అవునవును. ఇప్పుడు జున్ను వాసనేస్తోంది."

కప్పు చక్కగా ఎక్కి కూర్చుంది.

ఆదివారం మీసాలాయన వంగి చూసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఎత్తంతా నొన్నో క్లేలియా గారి పక్కనే తొక్కాడు. రొప్పు వినపడకుండా ఉండడానికి మధ్యమధ్య పాడాడు. అది ఇంకా ఘోరంగా ఉంది. నేను అమ్మ చిన్నప్పటి పాత సైకిలు మీద వెనకే వచ్చాను.

పైన బల్లల మీద రొట్టె, సూపు, వైను పెట్టారు. క్లేలియా గారు నొన్నో ఆకుపచ్చ సైకిలుని చేత్తో నిమిరారు.

"ఎంత ముద్దుగా ఉందో! నాకు మొదట్నుంచీ ఫ్రెంచి సైకిళ్ళంటే ప్రాణం. ఆ నాజూకు మనవాళ్ళకి రాదు. ఇది కూడా ఫ్రెంచిదేనా?"

నొన్నో గ్లాసు కింద పెట్టాడు. టోపీ సర్దుకున్నాడు.

"ఏం కన్నండీ మీది! నిలువెల్లా ఫ్రెంచిదే. మా నాన్న పారిస్ నుంచి తొక్కుకుంటూ తెచ్చాడు."

"అబ్బో! ఆల్ప్స్ దాటా?"

"రెండుసార్లు. మొదటిసారి గొడుగు మర్చిపోయొచ్చాడు."

"ఏం, దిలెత్తా, నిజమేనా?" అని ఆవిడ నన్నడిగారు. నొన్నో కూడా నా వైపు తిరిగాడు. నేను చేతిలోని రొట్టె మొత్తం నోట్లో కుక్కుకుని, గబగబా తలూపాను.