గోళం మీద కాటుక చుక్క

దావీదురాజు పంతులు కర్నూలు నుంచి భూగోళాన్ని తెచ్చినప్పుడు, ఎద్దులబండిలో దాన్ని ఒళ్లో పెట్టుకొని, ఎండ తగలకుండా పైపంచె కప్పి తెచ్చినాడు. పెండ్లైన కొత్తలో తనను అదే నందికొట్కూరు దావన తెచ్చినప్పుడు మాత్రం ఆయన ముందు కూచొని, బండాయనతో వానల గురించి మాట్లాడుకుంటా వచ్చినాడని ఆయన భార్య విశ్వాసమ్మకు బాగా గుర్తు.

గోళాన్ని మిషను బడిలో బల్ల మీద పెట్టేసరికి, ఏనాడూ ఆ గడప తొక్కనోళ్లు కూడా వచ్చినారు.

"ఈ నీలంది ఏందప్పా?" అన్నాడు రైతు గోపన్న.

"సముద్రం. అంతా నీళ్లే."

"శానా ఉండాయే! మనకాడికి వచ్చేసరికే దేవునికి చేయి రాలేదా?"

అందరూ నవ్వినారు. ముసలి భీమక్క మాత్రం నవ్వలేదు. "మన ఊరు యాడ?"

"చిన్న ఊరు కదక్కా, కనపడదు."

"ఎవురూ లేని నీళ్లకు అంత జాగా ఇచ్చి, మనుషులుండే ఊరికి ఆవగింజంత ఇయ్యలేదా? పోరా!" అని ఆమె లేచిపోయింది. ఆమె వెనకాలే ఊరూ పోయింది. ఆ పొద్దు పంతులు సంగటి ముద్ద ముట్టలేదు.

మరునాడు గోళం తుడుస్తా విశ్వాసమ్మ కాసేపు ఆలోచించింది. మిషను దొరసాని వద్దన్నా తాను మానని కాటుకను కంటికొస నుంచి వేలికి తీసుకొని, మద్రాసుకు పైన చుక్క పెట్టింది. పోయి భీమక్కను చేయి పట్టుకొని తెచ్చింది.

భీమక్క శానాసేపు చూసింది. "మా ఇల్లు?"

"ఆ చుక్క లోపలే, అక్కా."

మధ్యాహ్నానికి బడి మళ్లీ నిండింది.

"మద్రాసు కంటే పెద్దగా పెట్టినావు కదే!" అని పంతులు తల పట్టుకున్నాడు.

"నా వేలు లావు. ఏం చేసేది?"

వారం తిరక్కుండానే తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. కళ్లద్దాలు పైకి తోసి, గోళం మీదికి వంగినాడు. "ఏమప్పా పంతులూ, ఇదేం పట్నం? నేనెప్పుడూ వినలేదే!"

పంతులు తుడిచేద్దామని పైపంచె కొస అందుకున్నాడు. వాకిట్లో నిలబడిన విశ్వాసమ్మే చెప్పింది. "మా ఊరే సామీ. లేదని మావాళ్లు అలిగితే పెట్టినా."

ఇక ఉద్యోగం పోయినట్టేనని పంతులు కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గోళాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పినాడు.

"మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. అదీ లేదే," అన్నాడు, అలిగినట్టే.

పంతులు కళ్లు తెరిచినాడు. పెండ్లాం వైపు తిరిగి, "కొంచెం కిందికి పెట్టు," అన్నాడు. "ఈసారి చిటికెన వేలితో."