అద్దాలాయన పెద్ద కారు

వాడిన లగ్జరీ కారు కొంటామని నా షెడ్డుకొచ్చేవాళ్లకి నేను కుర్చీ వెయ్యను. నిలబెట్టే చెబుతాను. కారు ధర ఐదేళ్లలో సగానికి సగం పడిపోతుంది, దాని సామాను ధర మాత్రం పిసరంత కూడా పడదు. మీరు వెళ్లేసరికి అమ్మేవాడు ఇంజన్ వేడి చేసి ఉంచాడంటే, చల్లగా ఉన్నప్పుడు అది చేసే చప్పుడు మీరు వినకూడదని అర్థం. సర్వీసు పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తానన్నాడంటే ఆ పుస్తకం లేదని అర్థం. డబ్బు చేతిలో పెట్టే ముందు లిఫ్టు మీదకెక్కించి కింద చూడండి, స్కానర్ పెట్టించండి, టైరు పక్కన నాలుగంకెలుంటాయి, అది పుట్టిన వారమూ సంవత్సరమూ, చదువుకోండి. ఇంత చెప్పినా తోలు సీట్లు కనపడగానే సగం మంది బుర్ర అమ్మేవాడి గుమ్మంలోనే వదిలేసి వస్తారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

మా బావ అడగను కూడా అడగలేదు.

ఎందుకడుగుతాడు? మా ఇద్దరికీ మాటల్లేక మూడేళ్లు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. కొత్తగా పెద్దది తెరిచిన రోజు నేను పని మధ్యలోంచి లేచి వెళ్లాను. మెత్తటి కుర్చీలో కూర్చోబోతుంటే, ఒక్క నిమిషం అని ఆపి, దానిమీద పేపరు పరిచాడు. పదిమంది ముందు. నా ప్యాంటుకి గ్రీజున్న మాట నిజమే, కాదనను. కానీ తలకొట్టేసినట్టయింది. నా నోటికి హద్దూ అదుపూ ఉండదు కదా, ఊళ్లో వాళ్లకి చూపు అమ్ముతావు గానీ నీకు మాత్రం మనుషులు ఆనరు అన్నాను. ఆయన కూడా ఏదో అన్నాడు. ఆ తర్వాత ఆయన గుమ్మం నేను తొక్కలేదు, నా షెడ్డుకి ఆయన రాలేదు. షెడ్డులో ఆయన ప్రస్తావనొస్తే ‘అద్దాలాయన’ అనేవాణ్ణి.

మధ్యలో నలిగింది మా అక్క. అమ్మ పోయేటప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నన్ను పెంచింది అక్కే. మొదటి పానాలు కొనిచ్చింది కూడా ఆవిడే. బడిలో ఆటల టీచరు, యాభై దగ్గర పడుతున్నా పిల్లలతో సమానంగా పరిగెత్తేది. నాకంటూ ఈ లోకంలో ఉన్నది ఆవిడొక్కతే. అలాంటి మనిషిని తీసుకెళ్లి ఆ డొక్కు రాజుగారి పల్లకీలో కూర్చోబెట్టాడు మా బావ.

ఊరికే డొక్కు అనడం లేదు. తొమ్మిదేళ్ల బండి, రెండున్నర టన్నుల బరువు, పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. పెద్ద పెద్దవాళ్లు దుకాణానికి వస్తారట, బయట అలాంటి కారుంటే గౌరవమట. గౌరవం, నా బొంద. కొన్న వారానికే బ్యాటరీ పోతే, చౌకగా ఎవడో దొరికాడని వాడిచేత వేయించాడు. ఇలాంటి కార్లలో బ్యాటరీ మారిస్తే ఆ సంగతి లోపలి కంప్యూటర్‌కి కూడా ఎక్కించాలి, లేకపోతే కొత్తదాన్ని కూడా పాతదనుకుని ఛార్జి చేసి చంపేస్తుంది. నాలుగు నెలల్లో అదీ పోయింది. మీటర్ల దగ్గర పసుపు దీపం వెలుగుతోందని ఇంకొకడి దగ్గరకెళితే, వాడు జబ్బు వదిలేసి దీపం ఆర్పి పంపాడు. చివరికి బండిని అక్కే నా దగ్గరకి తోలుకు రావడం మొదలుపెట్టింది.

అది మా మధ్య ఒక పద్ధతై కూర్చుంది. అక్క బండి తెచ్చి పెడుతుంది. బావ ఏమన్నాడో చెబుతుంది. నేను బానెట్ ఎత్తి తిట్లు లంకించుకుంటాను. అక్క నవ్వుతూ నీళ్ల డ్రమ్ము దాకా నడిచి, నాకు వీపు పెట్టి, ఫోనులో బావకి నెమ్మదిగా ఏదో చెబుతుంది. మళ్లీ వచ్చి, ఆయన సరేనన్నారురా, థాంక్స్ చెప్పమన్నారు అంటుంది. ఆయన థాంక్స్ చెప్పే రకం కాదని నాకు తెలుసు. నేనన్న మాటలు అక్కడికి చేరవనీ తెలుసు. నేను నాలుగు అంటే అక్క ఒకటి చేరవేస్తుంది, అందుకని నేను ఎనిమిది అనేవాణ్ణి. అక్క ఆ ఎనిమిదిలోంచి కూడా ఒకటే తీసుకెళ్లేది.

వైపర్లు అరిగితే, ఈ బండి నిన్ను చంపేస్తుందక్కా అన్నాను. ఒక టైరులో గాలి తక్కువుంటే, మీ ఆయన నిన్ను వదిలించుకోడానికే దీన్ని కొన్నాడన్నాను. వైపర్లు మార్చాను, గాలి కొట్టాను, అక్కకి ఏమీ కాలేదు. మరి నా మాటకి విలువేముంటుంది? ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నేను చాలా గొప్పగా తిడుతున్నాననుకున్నాను.

ఆ గురువారం అక్క బడి నుంచి నేరుగా వచ్చింది, మెడలో విజిల్ అలాగే ఉంది. ఆదివారం కొండ మీది ఊళ్లో కళ్ల పరీక్షలు పెట్టుకున్నారట, పెట్టెలన్నీ వేసుకుని ఇద్దరూ వెళ్తున్నారట, ఓసారి బ్రేకులు చూడమన్నారు అంది. అంతే చెప్పింది.

చూశాను. ముందు ప్యాడ్లు అట్టముక్కల్లా అరిగిపోయాయి. బ్రేక్ ఆయిల్ తేనె రంగులో ఉండాల్సింది, టీ డికాషన్‌లా ఉంది. పెన్నులాంటి మీటరుంటుంది, ముంచితే అందులో నీరెంత చేరిందో చెబుతుంది. మూడు దీపాలూ ఎర్రగా వెలిగాయి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చి తీరాలి. బండి బాగున్నా, తిరగకపోయినా మార్చాలి. మార్చకపోతే ఊళ్లో తిరిగినంతకాలం ఏమీ తెలీదు. పొడుగాటి దిగుడులో కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ఆయిల్ కాగిపోతుంది, లోపల బుడగలు లేస్తాయి, పెడల్ నేలకంటుకుపోతుంది. అంత బరువు బండి ఇంక దేనికీ ఆగదు. గేరు తగ్గించి దిగాలన్న జ్ఞానం మా బావకుందని నేననుకోను.

ఈ బండి కొండెక్కకూడదు, ఎక్కితే దిగదు, ఆ గుడ్డాయనకి చెప్పు, కళ్లద్దాలు అమ్ముకోవడం కాదు, ముందు ఆయన ఒకటి పెట్టుకుని ఈ ఆయిల్ చూడమను, చావాలనుంటే ఒక్కణ్ణే చావమను అని గొంతు చించుకున్నాను. అక్క ఎప్పటిలాగే నవ్వింది. డ్రమ్ము దాకా నడిచింది. ఫోను మాట్లాడి వచ్చి, సరేనన్నారురా, సోమవారం బండి ఇస్తారట అంది.

ఆ కారుకి పట్టే ప్యాడ్లు తెప్పించాలి, సోమవారానికి గానీ రావు. అది నిజం. ఆయిల్ మాత్రం నా దగ్గరే ఉంది. గంట పని. ఎలాగూ సోమవారం విప్పాలి, ఆయన బండికి రెండుసార్లు చెయ్యి నల్లగా చేసుకోవడమెందుకు అనుకున్నాను. ఇంకొకరి బండైతే తాళం గోడ మేకుకి తగిలించేసి, బండి కదలకూడదని స్టీరింగుకి ఎర్ర చీటీ కట్టేవాణ్ణి. ఆ చీటీ కట్టిన బండి యజమానికి నేనే ఫోన్ చేసి, రెండు ముక్కలు మర్యాదగా చెప్పి, ఒప్పించి ఫోన్ పెట్టేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పద్ధతి అది. ఈ బండికి చీటీ కడితే ఫోన్ చెయ్యాల్సింది బావకి. అందుకని కట్టలేదు. తాళం అక్క చేతిలో పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో పానాలు తుడుచుకుంటున్నాను. బల్ల మీద ఫోను మోగింది. బావ పేరు. మూడేళ్లలో మొదటిసారి. ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత సంతోషం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. బండి ఎక్కడో మొరాయించి ఉంటుంది, దిగొచ్చాడు మహానుభావుడు, మోగనీ అనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఫోను బోర్లా తిప్పి పెట్టి, టీ పోసుకున్నాను. ఆ టీ చాలా రుచిగా ఉంది కూడా.

ముప్పావు గంట తర్వాత అక్క నంబరు నుంచి వచ్చింది. వెంటనే తీశాను. అవతల బావ గొంతు. ఆస్పత్రి పేరు చెప్పాడు, త్వరగా రా అన్నాడు.

ఆస్పత్రి వరండాలో బావ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నుదుటికి కట్టు. కళ్లజోడు ఎక్కడో పోయింది, నేను దగ్గరకొచ్చేదాకా నన్ను గుర్తుపట్టలేదు. పెడల్ పూర్తిగా దిగిపోయిందట. ఓ పక్క లోయ, ఇంకో పక్క కొండ. బండిని కొండకేసి కొట్టాడు. బతికారంటే అందుకే. నలిగింది అక్క కూర్చున్న వైపు. ఎడమ మోకాలు నుజ్జయింది, తుంటి విరిగింది, లోపల ఆపరేషన్ చేస్తున్నారు. నడవగలదు గానీ పరుగు మర్చిపోండి అన్నాడట డాక్టరు.

నేను బావ మీద పడిపోయాను. మూడేళ్ల తర్వాత మొదటి మాటలు అవే. వెళ్లొద్దన్నానా లేదా, చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపితే మా అక్కని చంపబోయావు కదా అన్నాను. నర్సు వచ్చి బయటికి పొమ్మంది. బావ మాత్రం తల ఎత్తి, కళ్లు చికిలించి నన్నే చూస్తున్నాడు.

"వెళ్లొద్దన్నావా?" అన్నాడు. "ఆయిల్ పాతబడింది, సోమవారం మారుస్తాడు అని చెప్పింది. అంతే."

ఆయనే మెల్లగా చెప్పుకొచ్చాడు. అంతకుముందు వారం కొండ దిగుతుంటే పెడల్ మెత్తబడిందట, కాలిన వాసన వచ్చిందట. భయమేసి, మీ తమ్ముడు తప్ప ఇంకెవరు చూసినా నాకు నమ్మకం లేదు, అతను వద్దంటే ప్రయాణం మానేస్తాను, అలాగే అడుగు అని అక్కని పంపాడట. ఆ మాట నాదాకా రాలేదు. నీ బండి తోలడం నీకు రాదు అని నేను ఎక్కడ విరుచుకుపడతానోనని అక్క దాన్ని మింగేసి ఉంటుంది.

"పైన కూడా మళ్లీ మెత్తబడింది," అన్నాడు బావ. "దిగాలా వద్దా అని బండి పక్కకి ఆపి నీకు రెండుసార్లు చేశాను. పనిలో ఉండి చూసుకోలేదేమో."

అవును పనిలోనే ఉన్నాను అని నేననలేదు. కాదనీ అనలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. వద్దు బావా, అక్కడే ఆపెయ్, నేనొస్తున్నాను. అంతే కదా చెప్పాల్సింది. ఒక్క నిమిషం కూడా పట్టేది కాదు.

మర్నాడు అక్కకి తెలివొచ్చింది. కాలు పొడుగునా ఇనప చట్రం. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. నొప్పికేమో అనుకున్నాను.

"తప్పు నాదేరా," అంది. "నువ్వు చెప్పింది చెప్పినట్టు చెప్పి ఉంటే ఆయన బండి తీసేవారు కాదు. నీ కోపమే అనుకున్నాను."

బావ మంచం అవతలి వైపు నుంచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అలా అనుకోకు, తప్పు ఎవరిదీ కాదు, నేను కొండ మీంచి వీడికి ఫోన్ కూడా చేశాను, పాపం చూసుకోలేదు అన్నాడు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. అక్క కూడా అవునన్నట్టు తలూపింది. నేను ఊరుకుంటే ఆ తప్పు జన్మంతా అక్క నెత్తినే ఉంటుంది. ఊరుకోవడం కూడా ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

"చూశానక్కా," అన్నాను. "రెండుసార్లూ చూశాను. కావాలనే తియ్యలేదు. టీ తాగుతూ కూర్చున్నాను."

బావ చెయ్యి అక్క చేతిమీద అలాగే ఆగిపోయింది. ఆయన తిడతాడని ఎదురుచూశాను, తిట్టలేదు. అక్క చాలాసేపు నన్ను చూసింది. నన్ను పెంచిన మనిషి, నేను ఏం చేసినా ముందు నవ్వే మనిషి. ఆ మొహంలో నాకోసం ఏమీ మిగల్లేదు.

"నువ్వు వెళ్లు," అంది.

అక్కా అన్నాను. ఆవిడ మొహం అటు తిప్పుకుని, ఈసారి బావతో చెప్పింది, వీణ్ణి వెళ్లమనండి అని. బావ లేచి వచ్చి తలుపు తీశాడు. నేను బయటికొచ్చాను. వెనకాల ఆయన తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.